కొత్త స్పీడోమీటర్ కేబుల్ మూడు వారాలకే తెగింది (మోరిస్ మైనర్ 1000)

మైనర్59 | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. బండి 1959 మోరిస్ మైనర్ 1000, 948 సీసీ ఇంజను. నిజానికి మా నాన్నది. ఇప్పుడు నడిపేది నేను, పక్క సీట్లో కూర్చుని నేను గేర్లు మార్చే తీరుకు వంకలు పెట్టేది ఆయన.

ఆరు నెలల కిందట స్పీడోమీటర్ ముల్లు వణకడం మొదలుపెట్టింది. మా డయల్ మైళ్ళలో ఉంటుంది. నేను ముప్పై మీద నిలకడగా పోతున్నా ముల్లు మాత్రం ఇరవైకీ నలభైకీ మధ్య ఊగేది. పొద్దున్నే చలిలో బండి తీస్తే డ్యాష్‌బోర్డు వెనక నుంచి కీచుమని చప్పుడు. పది నిమిషాలు నడిపాక తగ్గేది. అలాగే లాక్కొచ్చాను, చివరికి ఒకరోజు ముల్లు సున్నా మీద పడుకుంది, మళ్ళీ లేవలేదు. మైళ్ళ అంకెలు కూడా ఆగిపోయాయి.

ఇన్నర్ (లోపల తిరిగే తీగ), ఔటర్ (దాని పైతొడుగు) కలిసి ఉన్న కొత్త కేబుల్ తెప్పించాను. మార్చడానికి ఒక ఆదివారం మొత్తం పట్టింది. కింద గేర్‌బాక్స్ దగ్గరి నట్టు ముప్పై ఏళ్ళ మట్టితో కలిసి ఒకే ముద్దయిపోయింది, దాన్ని గీకడానికే గంట. పైన మీటరు వెనక నట్టు కంటికి కనిపించదు. గ్లవ్‌బాక్స్ లోపలి డబ్బా తీసేసి, చెయ్యి మోచేతి దాకా దూర్చి, వేళ్ళతో తడుముకుంటూ విప్పాలి. ఇప్పటికీ నా మణికట్టు మీద గీతలున్నాయి.

బిగించే ముందు కొత్త ఇన్నర్‌ని పూర్తిగా బయటకు లాగి, ఈ కొస నుంచి ఆ కొస దాకా ధారాళంగా గ్రీజు పట్టించాను. ముల్లు వెన్నలా లేచింది. వణుకు లేదు, చప్పుడు లేదు. మా నాన్న కూడా ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనలేదంటే మెచ్చుకున్నట్టే లెక్క.

సరిగ్గా మూడు వారాలు. మొన్న ఎత్తు ఎక్కుతుంటే డ్యాష్‌బోర్డు వెనక టిక్ మని చిన్న చప్పుడు, ముల్లు దభీమని సున్నాకి. ఇంటికొచ్చి పైన నట్టు విప్పి లాగితే ఇన్నర్ ముక్క చేతికొచ్చింది. మీటరు వైపు కొస నుంచి నాలుగు అంగుళాల దూరంలో తెగింది. తెగినచోట తీగలు చీపురు కట్టలా విచ్చుకున్నాయి.

కేబుల్ నాసిరకమా? ఇంకోటి కొనేయమంటారా? మీటరులో ఏ లోపమూ లేదనుకుంటున్నాను. గుంతలో పడితే ముల్లు చక్కగా ఊగుతుంది, అంటే ఫ్రీగానే ఉన్నట్టు కదా.

•

వంకర పానా | శనివారం రాత్రి 10:15

నాకైతే వంపు మీద అనుమానం. ఈ కేబుల్స్‌కి మెలిక అంటే పడదు. ఔటర్ ఎక్కడా 6 అంగుళాల వ్యాసార్ధం కంటే బిగుతుగా వంగకూడదు. రెండు కొసల దగ్గర మరీ జాగ్రత్త, నట్టు నుంచి బయటికొచ్చాక కనీసం 2 అంగుళాలు తిన్నగా రావాలి. చాలామంది కేబుల్‌ని మీటరులో బిగించిన వెంటనే కిందికి విరిచి పంపుతారు. అక్కడే లోపల ఇన్నర్ ఔటర్‌ని ఒరుసుకుని తెగుతుంది. మీది తెగింది కూడా అక్కడే కదా.

పాతదాన్ని లాగేసేటప్పుడు దాని కొసకి దారం కట్టారా? కట్టకపోతే కొత్తది పాత దారిలోనే వెళ్ళిందని గ్యారంటీ ఏమీ లేదు.

•

మైనర్59 | శనివారం రాత్రి 10:32

దారం ఆలోచనే రాలేదండి. పాతది లాగి పడేశాను, తర్వాత కొత్తదాన్ని ఎలా పడితే అలా తోశాను. ఎటు దారి దొరికితే అటు పోయింది.

•

మీటరు మామయ్య | ఆదివారం ఉదయం 6:05

బాబూ, ఇంకో కేబుల్ కొనకు. కొన్నా అది కూడా మూడు వారాలే ఉంటుంది.

ముందు నీ ఆఖరి వాక్యం సంగతి చూద్దాం. ముల్లు ఫ్రీగా ఉంది కాబట్టి మీటరు బాగుందనడం అందరూ చేసే పొరపాటే. నేను కూడా మొదట్లో చేశాను. మీటరు లోపల కేబుల్‌కీ ముల్లుకీ మధ్య అసలు తగులే ఉండదు. కేబుల్ తిప్పేది ఒక అయస్కాంతాన్ని. ఆ అయస్కాంతానికి దగ్గరగా, అంటీముట్టకుండా, ఒక పల్చటి అల్యూమినియం గిన్నె ఉంటుంది. ముల్లు ఆ గిన్నె ఇరుసుకి బిగించి ఉంటుంది. అయస్కాంతం తిరుగుతుంటే గిన్నెలో కరెంటు సుళ్ళు పుడతాయి, వాటి వల్ల గిన్నె కూడా అటువైపే లాగబడుతుంది. వెంట్రుకంత సన్నటి స్ప్రింగు ఒకటి దాన్ని వెనక్కి లాగుతుంటుంది. ఈ రెండు లాగుళ్ళూ ఎక్కడ సమానమైతే అక్కడ ముల్లు నిలుస్తుంది. 1902లో బెర్లిన్‌లో ఒట్టో షుల్జే అనే ఆయన దీనికి పేటెంటు తీసుకున్నాడు. తర్వాత ఎలక్ట్రానిక్ మీటర్లు వచ్చేదాకా ప్రపంచంలో ఎక్కువ కార్లు ఆ గిన్నె మీదే నడిచాయి.

అంటే ముల్లు పూర్తిగా బిగుసుకుపోయినా కేబుల్‌కి పెద్ద తేడా ఏమీ పడదు. అలాగే ముల్లు ఈకలా ఊగుతున్నా కేబుల్ మీద బరువు లేదని చెప్పలేం. ఆ బరువు పడేది రెండు చోట్ల. ఒకటి, కేబుల్ కొస దూరే ఇరుసు, దాన్ని పట్టుకునే బుష్ (ఇరుసు తిరిగే చిన్న గొట్టం). రెండోది, మైళ్ళ అంకెల చక్రాలు. అంకెలకు అయస్కాంతాలూ గిన్నెలూ ఏమీ ఉండవు. ఇరుసు మీదున్న పళ్ళ నుంచి నేరుగా తిరుగుతాయి. ఇందులో ఏది పట్టేసినా ఆ భారమంతా కేబుల్ మీదే.

రోగం చూసేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకో. ముల్లు చచ్చిపోయి అంకెలు తిరుగుతుంటే కేబుల్ బాగున్నట్టే, లోపం మీటరులో. ముల్లు లేస్తూ అంకెలు ఆగిపోతే మీటరులో పళ్ళు పోయాయి. రెండూ ఒకేసారి ఆగితేనే కేబుల్, లేదంటే గేర్‌బాక్స్ దగ్గర కేబుల్‌ని తిప్పే చిన్న పళ్ళ చక్రం, పినియన్.

ఇక తెగిన చోటు. కేబుల్ ఎక్కడ తెగిందో అదే సగం జవాబు చెబుతుంది. గేర్‌బాక్స్ వైపు నాలుగు పలకల కొస అరిగి గుండ్రంగా అయితే అది సరిగ్గా కూర్చోలేదని. మధ్యలో తెగితే అక్కడ వంపో నొక్కో ఉందని. మీటరు వైపు తెగి, తీగలు విచ్చుకుని ఉంటే పైన పట్టేసిందని. కింద గేర్‌బాక్స్ ఊరుకోదు, తిప్పుతూనే ఉంటుంది. పైన ఇరుసు తిరగనంటుంది. మధ్యలో కేబుల్ మెలి తిరిగి తిరిగి, చివరికి తెగుతుంది. వంకర పానా చెప్పిన వంపు కూడా ఉండొచ్చు, కాదనను. అయినా ముందు మీటరు చూడు.

చూడడానికి సాధనాలేమీ అక్కర్లేదు. తెగిన నాలుగంగుళాల ముక్క పారేయలేదు కదా? పలకల కొసని మీటరు వెనక రంధ్రంలో పెట్టి, రెండు వేళ్ళతో తిప్పు. కాఫీ కలిపే చెంచా కూడా దానికంటే బరువుగా తిరగాలి. వేళ్ళకు బిగుతు తగిలినా, ఇసుక ఉన్నట్టు గరగరమన్నా దొంగ దొరికినట్టే.

ఇంకోటి. ఈ కొస నుంచి ఆ కొస దాకా గ్రీజు అన్నావే, అది తప్పు. ఈ కేబుల్ తిరుగుతూ ఉంటే మెలికల్లో ఉన్న గ్రీజుని మెల్లగా పైకి తోస్తుంది, మర ఉన్న ఇరుసు పని చేసినట్టు. చివరికి అది చేరేది మీటరు కడుపులోకి. ఇన్నర్‌కి గ్రీజు పల్చగా రాసి, మీటరు వైపు 8 అంగుళాలు గుడ్డతో పూర్తిగా తుడిచేయాలి. పైన కావలసినంత గ్రీజు దానంతట అదే ఎక్కుతుంది. మూడు వారాల్లో నీ గ్రీజే దీన్ని పట్టేసిందని అనను. అంతకుముందే ఎవరో నీలాంటివాళ్ళు పెట్టి వెళ్ళి ఉంటారు.

•

బీటిల్ వాళ్ళమ్మాయి | ఆదివారం ఉదయం 8:20

ఇది చదివి మా ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు గుర్తొచ్చింది. దానికి కేబుల్ గేర్‌బాక్స్ నుంచి కాదు, ముందు చక్రం నుంచి వస్తుంది. ఇరుసు లోపల్నుంచి దూరి, గ్రీజు మూత మధ్యలో ఉన్న చదరపు రంధ్రంలోంచి బయటికి తొంగి చూస్తుంటుంది, అక్కడ చిన్న పిన్ను పెట్టి ఆపుతారు. చక్రం తిరిగితే మూత, మూతతో పాటు కేబుల్. ఎవరు ఆలోచించారో గానీ చూస్తే నవ్వొస్తుంది, అయినా పని చేస్తుంది.

మాది రెండుసార్లు తెగింది. రెండుసార్లూ తప్పు నాదే. కేబుల్ ఇరుసులోకి దూరేచోట రబ్బరు తొడుగు ఒకటుండాలి, మొదటిసారే చిరిగిపోయింది, చూసి కూడా వదిలేశాను. వాననీళ్ళు లోపలికి పోయి తుప్పు. కాబట్టి కొత్త కేబుల్ కొనేవాళ్ళు దానితో వచ్చే రబ్బర్లు ఎన్ని, పాతదానికి ఎన్ని ఉండేవి అని లెక్క చూసుకోండి. మైనర్‌లో కూడా కేబుల్ ఇంజను వైపు నుంచి లోపలికి వచ్చే రేకు రంధ్రం దగ్గర రబ్బరు ఉండాలి కదా?

•

మైనర్59 | ఆదివారం సాయంత్రం 5:50

మామయ్య గారూ, మీకు దణ్ణం.

ముక్క పారేయలేదు, జేబులోనే ఉంది. బ్యాటరీ తీగ ఊడదీసి (పోయినసారి ఊడదీయకుండా చెయ్యి పెట్టి ఒక ఫ్యూజు కాల్చాను, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు), మీటరుని మొత్తం బయటికి తీసి బల్ల మీద పెట్టాను. పలకల కొస దూర్చి తిప్పాను. తిరగలేదు! కొంచెం బలం పెడితే తిరిగింది, అదీ చిక్కటి బెల్లం పాకంలో గరిట తిప్పినట్టు. వేళ్ళ మీద పలకల అచ్చు పడింది.

మా నాన్న వచ్చి ఆయన కూడా తిప్పి చూశారు. చూసి ఒక మాట అన్నారు: "ఎప్పుడో ఒకసారి కీచుమంటుంటే నేనే వెనక నుంచి గ్రీజు కూరాను." ఎప్పుడండీ అంటే, నువ్వు స్కూల్లో ఉన్నప్పుడు, అన్నారు. మామయ్య గారు చెప్పిన ఆ "నీలాంటివాళ్ళు" ఎవరో తెలిసిపోయింది.

రంధ్రం మూతి దగ్గర నల్లగా, గట్టిగా, తారులా ఉంది. దీన్ని ఎలా శుభ్రం చేయాలి? స్ప్రే నూనె డబ్బా ఒకటుంది, గొట్టం పెట్టి కొట్టేయనా?

•

మీటరు మామయ్య | ఆదివారం సాయంత్రం 6:02

వద్దు! స్ప్రే మాత్రం వద్దు. అది ఇరుసులోంచి లోపలికి పోయి గిన్నె మీదా, డయల్ మీదా పొగలా పేరుకుంటుంది. అంకెల రంగు కరుగుతుంది. సన్నటి స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుంటే ముల్లు ఇష్టమొచ్చినట్టు చూపిస్తుంది, దాన్ని బాగుచేయడం మన చేతిలో పని కాదు.

మీటరుని వెనక రంధ్రం కిందికి ఉండేలా పట్టుకో. ఎప్పుడూ కిందికే, ఏది కరిగినా బయటికే కారాలి. అగ్గిపుల్లని చెక్కి కొసకి దూది చుట్టు, కిరోసిన్‌లో ముంచి, పిండేసి, బుష్ మూతిని తుడువు. ముక్కతో నాలుగు చుట్లు తిప్పు, మళ్ళీ తుడువు. ఒక గంట ఆగి మళ్ళీ మొదలుపెట్టు. దూది తెల్లగా వచ్చేదాకా అంతే. ఆ తర్వాత గడియారాలకు వేసే పల్చటి నూనె ఒక్క చుక్క, సూది కొసతో. రెండో చుక్క వేయాలనిపిస్తుంది, వేయకు.

అద్దం తీయకు. ముల్లు పీకకు. మీ నాన్నగారిని కాసేపు ఆ గదిలోకి రానివ్వకు.

•

వంకర పానా | ఆదివారం సాయంత్రం 6:40

మామయ్యగారి మాటే నెగ్గింది, ఒప్పుకుంటున్నాను. అయితే వంపు సంగతి మాత్రం మర్చిపోకండి.

కింద కూడా ఒకసారి చూడండి. గేర్‌బాక్స్ వైపు నుంచి తీసిన కేబుల్ కొస తడిగా, గేర్ ఆయిల్ వాసన కొడుతుందా? అలా ఉంటే పినియన్ దగ్గర నూనె కారకుండా ఆపే సీలు పోయినట్టు. అది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, గ్రీజు ఎక్కిన దారిలోనే నూనె కూడా ఎక్కుతుంది. అద్దం లోపలివైపు నూనె మరకలు పడ్డ మీటర్లు నేను రెండు చూశాను. వాళ్ళు మీటరు బాగుచేయించి, సీలు మార్చకుండా బిగించేశారు, ఏడాదిలో మళ్ళీ అదే.

•

మైనర్59 | బుధవారం రాత్రి 10:10

మూడు సాయంత్రాలు పట్టింది. అగ్గిపుల్లలు ఒక పెట్టె అయిపోయాయి. మొదట్లో దూది తారు రంగులో వచ్చింది, తర్వాత ఇత్తడి పొడి కలిసి మెరుస్తూ వచ్చింది, నిన్న రాత్రి తెల్లగా వచ్చింది. ఒక్క చుక్క నూనె వేశాను. ఇప్పుడు ముక్క పెట్టి వేళ్ళతో ఒక విసురు విసిరితే అది దానంతట అదే ఇంకో అరచుట్టు తిరుగుతోంది. ఎంతసేపు తిప్పుతూ కూర్చున్నానో చెప్పను.

కేబుల్ బిగించే ముందు మీటరుని పరీక్షించే దారి ఏమైనా ఉందా? మళ్ళీ బిగించి మళ్ళీ విప్పే ఓపిక లేదు. డయల్ కింద అంచున చిన్న అక్షరాల్లో 1472 అని ఒక సంఖ్య ఉంది, అదేమిటి?

•

మీటరు మామయ్య | గురువారం ఉదయం 5:55

అదే కీలకం. మైలుకి కేబుల్ ఎన్ని చుట్లు తిరిగితే ఈ మీటరు సరిగ్గా చూపిస్తుందో ఆ సంఖ్య. గంటకు 60 మైళ్ళంటే నిమిషానికి ఒక మైలు, కాబట్టి కేబుల్ నిమిషానికి 1472 చుట్లు తిరుగుతుంటే నీ ముల్లు 60 మీద ఉండాలి. సగం, అంటే 736 చుట్లకి 30. వేగం మార్చుకోగల డ్రిల్లు ఉంటే, తెగిన ముక్క తీగల వైపు డ్రిల్లులో బిగించి, పలకల కొస మీటరులో పెట్టి మెల్లగా తిప్పు. ముల్లు సున్నా దగ్గరి పిన్నుని వెనక్కి నెడుతుంటే దిశ తప్పు, వెంటనే ఆపి రివర్సు చెయ్యి. ముల్లు వణకకుండా లేచి నిలబడితే చాలు. అంకెలు కూడా చూడు, ఒకదాని తర్వాత ఒకటి దొర్లాలి.

బండికీ ఈ మీటరుకీ పొత్తు కుదిరిందో లేదో కూడా చూసుకోవచ్చు. మధ్యలో ఎవరైనా మీటరో వెనక ఇరుసో మార్చి ఉంటే కేబుల్ ఎంత కొత్తదైనా వేగం తప్పే చూపిస్తుంది. చదునైన నేల మీద టేపుతో 20 మీటర్లు కొలిచి గీతలు గీయి. కేబుల్ కింద బిగించి, పైకొస వదిలేసి, దానికి అట్టముక్కతో బాణం గుర్తు తగిలించు. గేరు న్యూట్రల్‌లో పెట్టి బండిని తిన్నగా తోయించు, నువ్వు బాణం చుట్లు లెక్కపెట్టు. మైలులో 20 మీటర్లు ఎనభైన్నర సార్లు ఉంటాయి, కాబట్టి నీకు పద్దెనిమిదింపావు చుట్లు రావాలి. వెనక చక్రం ఒక్కటే జాకీ మీద లేపి తిప్పితే లెక్క సగమే వస్తుంది, డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలూ వేరువేరు వేగాలతో తిరగనిచ్చే పళ్ళ అమరిక) వల్ల. అది చూసి కంగారు పడినవాళ్ళున్నారు.

•

మైనర్59 | ఆదివారం రాత్రి 8:45

మొత్తం కథ చెప్పేస్తాను.

డ్రిల్లు పరీక్షలో ముల్లు మొదట పిన్నుని నెట్టింది, గుండె ఆగినంత పనైంది, రివర్సు చేస్తే సాఫీగా లేచింది. అంకెలు కూడా దొర్లాయి. ఆ కాసేపట్లో బండి కదలకుండానే రెండు మైళ్ళు తిరిగింది.

కింద కేబుల్ కొస పొడిగానే ఉంది, సీలు బాగున్నట్టే. వంకర పానా గారూ, వంపు విషయంలో మీరు కూడా కరెక్టే. టార్చి వేసి చూస్తే నా కొత్త కేబుల్ మీటరు నుంచి బయటికి రాగానే వైర్ల గుత్తి కింది నుంచి దూరి, దాదాపు మోచెయ్యి మడిచినట్టు వంగి ఉంది. పాతది ఆ గుత్తి పై నుంచి వెళ్ళేదని మా నాన్నే చెప్పారు. మైనర్‌లో రేకు దగ్గర రబ్బరు ఉండాలా అని అడిగారు కదా, ఉండాలి. మాది ఉంది, కానీ కేబుల్ దాని మధ్యలోంచి కాకుండా పక్కనుంచి దూరి ఉంది. రేకు అంచు ఔటర్ మీది ప్లాస్టిక్‌ని అప్పటికే సగం కోసేసింది.

ఔటర్ పోయింది కాబట్టి ఇంకో కేబుల్ కొనక తప్పలేదు. ఈసారి పాతదాని కొసకి దారం కట్టి, కిందినుంచి లాగి, దారానికి కొత్తది కట్టి పైకి లాగాను. వైర్ల గుత్తి దగ్గర మాత్రం చెయ్యి పెట్టి పైనుంచి తిప్పాను, రేకు దగ్గర రబ్బరు మధ్యలోంచి దూర్చాను. గ్రీజు పల్చగా, పై 8 అంగుళాలు తుడిచేసి. గేర్‌బాక్స్ వైపు ముందు బిగించి, ఇన్నర్‌ని కిందికి పూర్తిగా కూర్చోబెట్టి చూస్తే పైన ఔటర్ నుంచి సెంటీమీటరు మేర బయటికొచ్చింది. అంతకంటే ఎక్కువ వస్తే మీటరు ఇరుసుని పొడుస్తుందని ఎక్కడో చదివాను, అందుకే స్కేలు పెట్టి మరీ కొలిచాను. పై నట్టు వేళ్ళతోనే బిగించాను, పానా వాడలేదు.

తోసే పరీక్షకి మా నాన్న స్టీరింగు, మా ఆవిడా నేను పక్కింటి కుర్రాడూ తోయడం. బాణం చూడాల్సింది నేను, తోస్తున్నది కూడా నేనే అని మధ్యలో గుర్తొచ్చింది. రెండోసారి నేను కూర్చున్నాను, ఆయన దిగి తోశారు, వద్దన్నా వినలేదు. పద్దెనిమిది దాటి కొంచెం. పావో కాదో చెప్పలేను, అట్ట బాణం కదా. కానీ పదిహేనూ కాదు, ఇరవై కూడా కాదు.

సాయంత్రం రోడ్డు మీదికి తీశాం. ఈ ఆరు నెలల్లో మీటరు సరిగ్గా పని చేయనప్పుడు ఆయన ఇంజను చప్పుడు విని వేగం చెప్పేవారు, నేను నమ్మేవాణ్ణి కాదు. ఇవాళ డయల్ వైపు చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ, "నలభై దాటావు, తగ్గించు" అన్నారు. ముల్లు నలభై ఒకటి మీద ఉంది. కదలడం లేదు, వణకడం లేదు.

ఒక్కటే మిగిలింది. చీకటి పడ్డాక లైట్లు వేస్తే మీటరు లోపలి దీపం వెలగలేదు. నట్టు కోసం తడుముతున్నప్పుడు హోల్డరు ఊడదీసినట్టున్నాను. మళ్ళీ గ్లవ్‌బాక్స్ తీయాలి. మణికట్టు మీది గీతలు ఇప్పుడిప్పుడే మానుతున్నాయి.

•

మీటరు మామయ్య | సోమవారం ఉదయం 6:00

గ్లవ్‌బాక్స్ తీయకముందు బల్బు చూడు. హోల్డరు ఊడలేదు, బల్బు కాలి ఉంటుంది. పందెం.

•

మైనర్59 | సోమవారం రాత్రి 9:15

హోల్డరే ఊడింది. పందెం ఎంతో చెప్పలేదు మీరు.